సిమెంటు కిల్న్‌కు కోడిపొయ్యి

పొగగొట్టంలో కలిసిపోయే వేడితో కరెంటు తీసే విద్య ఇది. ఐటీఐ, డిప్లొమా, బీటెక్, కెమిస్ట్రీ డిగ్రీ... ఏది చదివినా ఇందులో ఒక తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్లేముందు తెలుసుకోవాల్సినవీ ఉన్నాయి.

పామర్రు సెంటర్లో పది నిమిషాలు నిలబడితే సిమెంటు లారీ ఒక్కటైనా కంటపడుతుంది. విజయవాడ వైపు నుంచి వచ్చి కొన్ని బందరు దారి పడతాయి, కొన్ని గుడివాడ వైపు తిరుగుతాయి, ఇంకొన్ని కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్తాయి. మన డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. సున్నపురాయి కావాలంటే కృష్ణ వెంట పైకి వెళ్లాలి. జగ్గయ్యపేట, ముక్త్యాల, పిడుగురాళ్ల, మాచర్ల, నది అవతల వాడపల్లి. మన ఇళ్ల స్లాబులకు పుట్టిల్లు ఆ రాతి నేలే. ఆ ఊళ్లలో ఉద్యోగాలున్నాయని మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఏ ఉద్యోగాలన్నదే తెలియదు. అడిగితే 'దుమ్ములో పని' అంటారు. దుమ్ము ఉన్న మాట నిజమే, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. ఆ దుమ్ముతో పాటు గాల్లో కలిసిపోయే వేడి గురించి ముందు చూద్దాం. ఎందుకంటే ఇప్పుడు కొత్త పని అక్కడే పుడుతోంది.

గ్యాస్ రాకముందు మన వంటిళ్లలో పెద్ద పొయ్యిని ఆనుకుని చిన్న పొయ్యి ఒకటి ఉండేది. దానికి వేరే కట్టె పెట్టేవారు కాదు. పెద్ద పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే లోపలి కన్నం గుండా వచ్చే సెగతో దాని మీద పప్పో, పులుసో, స్నానానికి నీళ్లో కాగేవి. దాన్ని కోడిపొయ్యి అనేవారు. ఇంట్లో నాయనమ్మ ఉంటే అడగండి, చెబుతారు. సిమెంటు ఫ్యాక్టరీలో 'వేస్ట్ హీట్ రికవరీ' అని పెద్ద పేరు పెట్టుకున్నది అచ్చంగా ఇదే. పెద్ద పొయ్యి కిల్న్. కోడిపొయ్యి మీద మరిగేది నీళ్లు. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, జనరేటర్ కరెంటు ఇస్తుంది. కొత్తగా బొగ్గు వేసేది లేదు.

వేడి ఎక్కడ పోతోంది?

సున్నపురాయి, కాస్త మట్టి, కాస్త ఇనుప ధాతువు కలిపి మెత్తగా పొడి చేస్తారు. ఆ పొడిని ప్రీహీటర్ అనే ఎత్తైన టవర్ మీది నుంచి కిందికి వదులుతారు. టవర్‌లో ఒకదాని కింద ఒకటిగా ఐదారు సైక్లోన్లు ఉంటాయి. పొడి కిందికి దిగుతుంటే కిల్న్ నుంచి వచ్చే వేడి గ్యాస్ పైకి ఎక్కుతుంది. దారిలో పొడికి వేడి ఇస్తూ పోతుంది. చివరికి పొడి కిల్న్‌లో పడి సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ దగ్గర సగం కరిగి, గుండ్లుగా ముద్దకట్టి క్లింకర్ అవుతుంది. ఎర్రగా కాలుతూ వచ్చే ఆ గుండ్లను కూలర్‌లో గాలి ఊది చల్లారుస్తారు. చల్లారిన క్లింకర్‌లో జిప్సం కలిపి నూరితే సిమెంటు.

రసాయన చర్యకు మాత్రమే లెక్కవేస్తే కిలో క్లింకర్‌కు 420 కిలో కేలరీల చిల్లర సరిపోవాలి. బాగా నడిచే ఫ్యాక్టరీలోనూ అసలు ఖర్చు 700 దాటుతుంది. మిగతాది కొంత కిల్న్ ఒంటి నుంచి, కొంత క్లింకర్‌తో పోతుంది. పెద్ద వాటా మాత్రం రెండు గొట్టాల్లో పోతుంది. ఒకటి ప్రీహీటర్ పైనుంచి వచ్చే గ్యాస్. ఐదు అంచెల టవర్ అయితే అది 300 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంటుంది. రెండోది కూలర్ నుంచి బయటికి పోయే వేడిగాలి. కూలర్‌లో బాగా వేడెక్కిన గాలిని తిరిగి కిల్న్‌కే పంపుతారు. ఇక అక్కర్లేక మిగిలిన గాలి కూడా 250 నుంచి 300 డిగ్రీల దాకా ఉంటుంది.

ఈ రెండు చోట్లా చెరో బాయిలర్ పెడతారు. ప్రీహీటర్ వైపు దాన్ని పీహెచ్ బాయిలర్ అని, కూలర్ వైపు దాన్ని ఏక్యూసీ బాయిలర్ అని ఫ్యాక్టరీలో పిలుస్తారు. రెండింటి ఆవిరీ ఒకే టర్బైన్‌కు వెళ్తుంది.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ సంగతి తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. అక్కడా బాయిలర్ ఉంది, టర్బైన్ ఉంది, సొంత కరెంటు ఉంది. తేడా క్రమంలో ఉంది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పిప్పి కాల్చి ముందు అధిక పీడనపు ఆవిరి తీస్తారు, దాంతో కరెంటు చేస్తారు, టర్బైన్ నుంచి బయటికొచ్చిన ఆవిరితో చెరుకు రసం మరిగిస్తారు. ముందు కరెంటు, తర్వాత వేడి. సిమెంటులో ముందు వేడి, దాని పని అయ్యాక మిగిలినదాంతో కరెంటు. మొదటిదాన్ని టాపింగ్ సైకిల్ అని, రెండోదాన్ని బాటమింగ్ సైకిల్ అని పుస్తకాల్లో చదివే ఉంటారు. ఇంటర్వ్యూలో ఈ రెండింటికీ తేడా అడిగితే చాలామంది నిర్వచనం అప్పజెబుతారు. ఉయ్యూరును, జగ్గయ్యపేటను పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి, అడిగినవారు తలెత్తి చూస్తారు. ఇంకో ముచ్చట: ఉయ్యూరు చక్కెర వెనకున్న కేసీపీయే 1958లో మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది. ముక్త్యాలది ఆ తర్వాతది. చక్కెర, సిమెంటు తర్వాత వేర్వేరు కంపెనీలయ్యాయి.

మొదటిది మన పక్కనే

సిమెంటు పరిశ్రమలో ఈ పద్ధతిని పట్టుకుని బాగా వాడింది జపాన్. 1973, 1979 చమురు సంక్షోభాలు ఆ దేశాన్ని గట్టిగా దెబ్బతీశాయి. సొంత చమురు లేదు, బొగ్గు అంతంతే. 1980ల మొదట్లోనే అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు పొగగొట్టాల వైపు చూశాయి. 1982లో కుమగాయా ఫ్యాక్టరీలో 15 మెగావాట్ల యూనిట్ మొదలైంది. తర్వాత జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో ఈ పరిజ్ఞానాన్ని ఆసియాలోని ఇతర దేశాలకు నమూనా ప్రాజెక్టులుగా ఇచ్చింది. చైనాలో 1998లో నింగ్వో ఫ్యాక్టరీలో పెట్టారు.

ఇండియాలో ఆ నమూనా ప్రాజెక్టు ఎక్కడ వచ్చిందో తెలుసా? విష్ణుపురంలో. నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర, కృష్ణలో మూసీ కలిసే చోటికి కూతవేటు దూరం. 2004లో ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీలో 7.7 మెగావాట్ల యూనిట్ నడక మొదలుపెట్టింది. యంత్రాలు కవాసాకీ హెవీ ఇండస్ట్రీస్‌వి. దేశంలో సిమెంటు కిల్న్ వేడితో ఆ స్థాయిలో కరెంటు తీయడం అదే మొదలు.

ఆ ఫ్యాక్టరీని మొదట కట్టింది రాశి సిమెంట్. దాని వ్యవస్థాపకుడు బి.వి. రాజు డెల్టా మనిషే. పశ్చిమ గోదావరి జిల్లా కుముదవల్లి ఆయన ఊరు. ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్‌ను నడిపి, తర్వాత సొంతంగా ఫ్యాక్టరీ పెట్టారు. 1998లో రాశి ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. కంపెనీ బోర్డులు మారాయి, పొయ్యి పక్కన పొయ్యి పెట్టే పద్ధతి మాత్రం పక్క ఫ్యాక్టరీలకు పాకింది.

తాడిపత్రిలో అల్ట్రాటెక్ ఇంకో రకం పెట్టింది. నీళ్లకు బదులు తక్కువ వేడికే మరిగే సేంద్రియ ద్రవంతో టర్బైన్ తిప్పే పద్ధతి. పేరు ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్. ఆర్మాట్ అనే కంపెనీ సాంకేతికత, సామర్థ్యం 4.8 మెగావాట్లు, సంవత్సరం 2007. మనకు దగ్గర్లో చూడాలంటే జగ్గయ్యపేట పక్కన జయంతిపురం. రామ్‌కో సిమెంట్స్ అక్కడ 2020 నుంచి దశలవారీగా 27 మెగావాట్లు పెట్టింది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలోని కొత్త ఫ్యాక్టరీకీ 12 మెగావాట్ల యూనిట్ ఉంది.

చైనాతో పోలిస్తే మనం నెమ్మదే. 2012 నాటికి ప్రపంచం మొత్తంలో ఇలాంటి యూనిట్లు 850 దాకా ఉంటే, అందులో 700కు పైగా చైనావే. మనవి 26. మనమూ, వాళ్లూ ఆరేళ్ల తేడాతో ఒకే జపాన్ సంస్థ దగ్గర నేర్చుకున్నాం. వాళ్లు బాయిలర్లు, టర్బైన్లు సొంతంగా తయారుచేసుకుని ధర దించేశారు. మనం చాలాకాలం 'ఖరీదెక్కువ' అంటూ కూర్చున్నాం. ఆ తర్వాతే ఇక్కడా వేగం పెరిగింది.

ఒక లెక్క వేద్దాం

రోజుకు 5,000 టన్నుల క్లింకర్ తీసే కిల్న్ ఒకటి ఉందనుకోండి. కిలోకు 700 కిలో కేలరీల చొప్పున దాని పొయ్యి నిరంతరం 170 మెగావాట్ల వేడిని మింగుతుంది. ఇందులో మూడో వంతుకు అటూ ఇటూగా మనం చెప్పుకున్న రెండు గొట్టాల్లో పోతుంది. దాంట్లో కొంత వేరే పనికి కావాలి. బాయిలర్‌కు దక్కేది 30 మెగావాట్ల వేడి అనుకుంటే, కరెంటుగా మారేది దాదాపు 6 మెగావాట్లు. నూటికి ఇరవై పాళ్లే.

'అంతేనా?' అంటారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బొగ్గు మంటతో ఆవిరిని 540 డిగ్రీల దాకా తీసుకెళ్తారు, పీడనం 150 బార్ దగ్గర ఉంటుంది. ఇక్కడ చేతికొచ్చే గ్యాసే 300 చిల్లర. పీడనం పది పదిహేను బార్లు. వేడి ఎంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఉంటే దాన్నుంచి పని రాబట్టడం అంత కష్టం. థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని సెమిస్టర్ పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లకు అది ఇక్కడ డబ్బు రూపంలో కనబడుతుంది.

ఆ 6 మెగావాట్లు చిన్నదేం కాదు. టన్ను క్లింకర్‌కు 28 యూనిట్లు వచ్చినట్టు. సిమెంటు టన్నుకు ఫ్యాక్టరీ వాడే కరెంటు 70 నుంచి 80 యూనిట్లు. అంటే అవసరంలో నాలుగో వంతు పైన పొగగొట్టమే ఇస్తుంది. రోజుకు 1,40,000 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే రోజుకు 8 లక్షల 40 వేలు. యూనిట్ సొంత పంపులకు, ఫ్యాన్లకు కొంత పోగా మిగిలేది కూడా తక్కువేం కాదు. మెగావాట్‌కు పది కోట్లు పెట్టుబడి అనుకున్నా, అన్నీ సవ్యంగా నడిస్తే మూడేళ్లలోపే తిరిగొస్తుంది.

'అన్నీ సవ్యంగా నడిస్తే' అనే ఆ మూడు మాటల కోసమే మనుషులు కావాలి.

పర్యావరణం లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున చూస్తే, రోజుకు వంద టన్నులు ఆదా. అదే కిల్న్ రోజుకు వదిలేది నాలుగు వేల టన్నుల పైమాటే. నూటికి రెండున్నర పాళ్లు తగ్గిందన్నమాట. సిమెంటు కాలుష్యంలో ఎక్కువ భాగం, సుమారు అరవై శాతం, బొగ్గు నుంచి రాదు. సున్నపురాయి విడిపోయేటప్పుడు రాయిలోంచే వస్తుంది. దాన్ని ఏ బాయిలరూ ఆపలేదు. 'గ్రీన్ సిమెంట్' అని పోస్టర్ వేసినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోవడం మంచిది. ఫ్లైయాష్, స్లాగ్ కలిపి క్లింకర్ వాటా తగ్గించడం అంతకంటే పెద్ద ఆదా. వేడి రాబట్టడం దానికి తోడు, బదులు కాదు.

దుమ్ము, వాన, నీళ్లు

ఇప్పుడు దుమ్ము సంగతి. పీహెచ్ బాయిలర్‌లోకి వచ్చే గ్యాస్‌లో మెత్తని పిండిలాంటి రా మీల్ నిండా ఉంటుంది. అది గొట్టాలకు అంటుకుంటుంది. అంటుకున్న పూత దుప్పటి కప్పినట్టు వేడిని లోపలికి పోనివ్వదు. అందుకే గొట్టాలను మధ్యమధ్య సుత్తులతో కొట్టి దులిపే యంత్రాంగం పెడతారు. కూలర్ వైపు దుమ్ము తత్వం వేరు. అది క్లింకర్ రజను. గరుకు. అంటుకోదు, గొట్టాలను అరగదీస్తుంది. అందుకని బాయిలర్‌కు ముందే పెద్ద గదిలాంటిది కట్టి, గాలి వేగం తగ్గించి, రజను కిందికి రాలేలా చేస్తారు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే వేడి, రెండు బాయిలర్లకు రెండు రోగాలు. ఒకదానికి మందు రెండోదానికి పనికిరాదు.

రెండోది వాన. ప్రీహీటర్ గ్యాస్‌ను బాయిలర్ పూర్తిగా పీల్చేసుకోవడానికి లేదు. సున్నపురాయిని పొడి చేసే రా మిల్లుకు తడి ఆరబెట్టడానికి వేడి కావాలి. అందుకే బాయిలర్ దాటాక కూడా గ్యాస్‌ను 200 పైనే ఉంచుతారు. జూలై, ఆగస్టుల్లో రాయి తడిసి వస్తే రా మిల్లు ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది. అప్పుడు బాయిలర్‌కు కోత. వరి నాట్లకు వాన పడిందని మనం ఇక్కడ సంతోషిస్తుంటే, జగ్గయ్యపేటలో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడు మెగావాట్ల మీటరు కిందికి జారడం చూస్తుంటాడు.

మూడోది నీళ్లు. టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చాలి. కూలింగ్ టవర్ పెడితే కరెంటు బాగా వస్తుంది, కానీ నీళ్లు ఆవిరైపోతాయి. గాలితో చల్లబరిచే కండెన్సర్ పెడితే నీళ్లు మిగులుతాయి, మే నెల ఎండలో కరెంటు తగ్గుతుంది. కాలువ ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే మన ప్రాంతం వాళ్లకు ఇందులో ఏది న్యాయమో వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ యాజమాన్యాలకు ఈ నిర్ణయం అంత సులువు కాదు.

ఇంకో తిరకాసు ఉంది. ప్రీహీటర్‌కు ఆరో అంచె కట్టి కిల్న్‌ను మెరుగుపరిస్తే బొగ్గు ఆదా అవుతుంది, పైనుంచి వచ్చే గ్యాస్ చల్లబడుతుంది, బాయిలర్‌కు వేడి తగ్గుతుంది. మంచి కిల్న్‌కు చిన్న కోడిపొయ్యే సరిపోతుంది. ముందు వృథా తగ్గించి, తర్వాత మిగిలినదాన్ని పట్టుకోవాలి. కరెంటు కోసమని గ్యాస్‌ను వేడిగా వదిలితే బొగ్గు డబ్బుతో కరెంటు కొన్నట్టే.

ఎవరికి ఏ పని?

ఇంట్లో బాబాయో, మావయ్యో ఈపాటికి అనే ఉంటారు. 'ఫ్యాక్టరీ ఉద్యోగం ఏంట్రా, హైదరాబాద్ పోయి ఏదో ఒక కోర్సు చెయ్యి, ఏసీ గదిలో కూర్చోవచ్చు' అని. సిమెంటు ఫ్యాక్టరీ సెంట్రల్ కంట్రోల్ రూమ్‌లోనూ ఏసీ ఉంటుంది, పది కంప్యూటర్ తెరలూ ఉంటాయి. తేడా ఏమిటంటే తెర మీద గీత కదిలితే బయట నిజంగా ఏదో కదిలినట్టు.

బాయిలర్ అనేది చట్టం కింద నడిచే యంత్రం. ఎవరంటే వాళ్లు నడపడానికి వీల్లేదు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. నడిపేవాడికి అర్హత పత్రం ఉండాలన్న నియమం మాత్రం అప్పుడూ, ఇప్పుడూ ఉంది. సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్లు ఒక మెట్టు. ఇంజనీర్లకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ సర్టిఫికెట్, అందరూ పిలిచే పేరు బీఓఈ, పై మెట్టు. వీటికి పరీక్షతో పాటు బాయిలర్ దగ్గర పనిచేసిన అనుభవం అడుగుతారు. ఆ అనుభవం సిమెంటు ఫ్యాక్టరీలోనే తెచ్చుకోవాలని లేదు. చక్కెర ఫ్యాక్టరీ, థర్మల్ స్టేషన్, ఉప్పుడు బియ్యం మిల్లు... రిజిస్టరైన బాయిలర్ ఉన్నచోట పని చేసి, దానికి కాగితం తీసుకోవాలి. ఆ కాగితం తీసుకోని కుర్రాళ్లే ఎక్కువ. నియమాలు రాష్ట్ర బాయిలర్ల శాఖ దగ్గర సరిచూసుకోండి.

ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చేసినవాళ్లకు మెయింటెనెన్స్‌లో చోటుంటుంది. వేడి, పీడనం, మట్టం కొలిచే వందల పరికరాలు ఉంటాయి కాబట్టి ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసిన చేతికి విలువెక్కువ. మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాళ్లు షిఫ్ట్ ఆపరేటర్లుగా మొదలవుతారు. గుడ్లవల్లేరు, విజయవాడ పాలిటెక్నిక్‌ల నుంచి బయటికొచ్చే పిల్లలు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడమే దారి అనుకుంటారు. ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి ఆ తర్వాత తేల్చుకోవడం నా దృష్టిలో మంచి దారి. డిప్లొమా, డిగ్రీవాళ్లకు నాట్స్, ఐటీఐవాళ్లకు నాప్స్ పోర్టళ్లలో నమోదు ఉంటుంది. స్టైఫండ్ తక్కువే, నేర్చుకునేది తక్కువ కాదు.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు తమకు సంబంధం లేదనుకోకండి. బాయిలర్‌లో మామూలు నీళ్లు పోస్తే గొట్టాల్లో పాచు గట్టి చిల్లులు పడతాయి. లవణాలన్నీ తీసేసిన డీఎం వాటర్ కావాలి. పీహెచ్, సిలికా, కరిగిన ఆక్సిజన్... షిఫ్ట్ షిఫ్ట్‌కూ పరీక్షించే ల్యాబ్ కావాలి. దాంతో పాటు సిమెంటు నాణ్యత ల్యాబ్ ఎలాగూ ఉంటుంది. ల్యాబ్‌ల్లో, కంట్రోల్ రూమ్‌లో అమ్మాయిలు చేయలేని పని ఏదీ లేదు.

బీటెక్ తర్వాత మూడు నాలుగేళ్లు పనిచేసినవాళ్లకు ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలు పనికొస్తాయి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏటా 30,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం వాడే సిమెంటు ఫ్యాక్టరీ ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకోవాల్సిందే. పరీక్ష బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీది. మేనేజర్‌కు మూడు పేపర్లు, ఆడిటర్‌కు నాలుగు. పుస్తకాలు బ్యూరో వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో పేపర్ మొత్తం బాయిలర్లు, ఫర్నేసులు, వృథా వేడి గురించే. పరీక్ష రాయకపోయినా ఆ పుస్తకం చదవదగ్గది. మన కాలేజీ టెక్స్ట్‌బుక్కుల కన్నా చాలా స్పష్టంగా ఉంటుంది. 2012లో మొదలైన ప్యాట్ పథకం, 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం వల్ల ఈ లెక్కలు తెలిసినవాళ్ల అవసరం పెరుగుతోంది. సిమెంటు మీదే స్థిరపడాలనుకుంటే నేషనల్ కౌన్సిల్ ఫర్ సిమెంట్ అండ్ బిల్డింగ్ మెటీరియల్స్ ఇచ్చే సిమెంట్ టెక్నాలజీ పీజీ డిప్లొమా ఉంది. ఆ సంస్థ ప్రధాన కేంద్రం హర్యానాలోని బల్లభ్‌గఢ్, హైదరాబాద్‌లోనూ యూనిట్ ఉంది.

నేర్చుకున్నది సిమెంటుకే పరిమితం కాదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో సింటర్ కూలర్ వేడి నుంచి 20.6 మెగావాట్లు తీసే యూనిట్ కూడా నెడో సహకారంతో వచ్చిందే. స్పాంజ్ ఐరన్, గాజు, సల్ఫ్యూరిక్ ఆమ్లం... వేడి పోయే ప్రతిచోటా సూత్రం ఒకటే.

చేరేముందు అడగాల్సినవి

కష్టాలు దాస్తే లాభం లేదు. కిల్న్ రాత్రి ఆగదు, పండగకు ఆగదు. షిఫ్టులు తప్పవు. సంక్రాంతికి ఊరు రాలేని ఏడాదులుంటాయి. ఫ్యాక్టరీలు సాధారణంగా ఊరికి దూరంగా ఉంటాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ మిత్రుడి జీతంతో పోల్చుకుంటే చిన్నబోతుంది. ప్రమాదాల సంగతీ తెలియాలి. సైక్లోన్‌లో పొడి అడ్డుపడినప్పుడు దాన్ని తొలగించేటప్పుడు వేడి పొడి ఒక్కసారిగా మీదికి దూకుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒళ్లు కాలే ప్రమాదాలకు అది పెద్ద కారణం. రక్షణ దుస్తులు, పర్మిట్ లేకుండా ఎవరు పంపినా వెళ్లకూడదు. 'ఐదు నిమిషాల పనే కదా' అని సూపర్‌వైజర్ అన్నా సరే.

అన్నిటికన్నా ముఖ్యం: మీ పేరు ఎవరి రోల్స్‌లో ఉంటుంది? చాలాచోట్ల ఈ యూనిట్లను నడిపే పని కాంట్రాక్టర్లకు ఇస్తున్నారు. కాంట్రాక్టర్ దగ్గర చేరడం తప్పేమీ కాదు, కొత్తలో అలాగే దొరకొచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, అనుభవ పత్రం ఎవరు ఇస్తారు, దాన్ని బాయిలర్ పరీక్షకు అంగీకరిస్తారా అని చేరేముందే నోరు తెరిచి అడగాలి. మనవాళ్లు జీతం ఒక్కటే అడిగి వచ్చేస్తారు.

ఇక ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్ల కోసం ఒక లెక్క. ప్రీహీటర్ అడుగున గ్యాస్‌లో ఆక్సిజన్ 3 శాతం, పైన 5 శాతం ఉంది. మధ్యలో ఆక్సిజన్ పుట్టదు కాబట్టి ఎక్కడో బయటి గాలి దూరింది. దీన్ని ఫాల్స్ ఎయిర్ అంటారు. ఎంత దూరింది? తేడా 2. గాలిలో ఉండే 21 నుంచి పైన ఉన్న 5 తీసేస్తే 16. రెండును పదహారుతో భాగిస్తే 12.5 శాతం. అంటే వంద పాళ్ల గ్యాస్‌కు పన్నెండున్నర పాళ్ల చల్లగాలి కలిసింది. 340 డిగ్రీలు ఉండాల్సిన గ్యాస్ 305 దగ్గరికి పడిపోతుంది. రా మిల్లు కోసం బాయిలర్ తర్వాత 220 ఉంచాలనుకుంటే, బాయిలర్‌కు దక్కే వేడిలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. పైగా ఆ గాలిని లాగే ఫ్యాన్‌కు అదనపు కరెంటు. కన్నం ఎక్కడుందో మాత్రం లెక్క చెప్పదు. తనిఖీ తలుపుల సీళ్లు, గొట్టాల అతుకులు, సైక్లోన్ కింది ఫ్లాప్‌లు ఒక్కొక్కటీ చూసుకుంటూ టవర్ మెట్లు ఎక్కాల్సిందే. ఎక్కేటప్పుడు ఒక మంచినీళ్ల సీసా, ఆక్సిజన్ కొలిచే పరికరం, పక్కన ఇంకో మనిషి ఉండాలి.